రంగు చెప్పని వంశం

కాలిఫోర్నియా దక్షిణ కొసన, శాన్ డియెగో చుట్టూ ఉన్న పొదల కొండల్లో కింగ్‌స్నేకులు రెండు రూపాల్లో కనిపిస్తాయి. మొదటి దానికి నల్లటి ఒంటి మీద తల నుంచి తోక దాకా తెల్లటి అడ్డపట్టీలు ఉంటాయి. మన పల్లెల్లో అలాంటిది కంటపడితే కట్లపామేనని కర్ర కోసం పరుగెడతారు. రెండో దానికి పట్టీలుండవు, వీపు నడిమధ్యన మెడ నుంచి తోక దాకా ఒకే ఒక తెల్ల చార. ఈ చార పామును 1835లో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లెయిన్‌విల్ వర్ణించి పేరు పెట్టాడు. పట్టీల పాముకు 1853లో బెయిర్డ్, గిరార్డ్ అనే ఇద్దరు అమెరికన్లు వేరే పేరు పెట్టారు. ఆ తర్వాత ఎనభై ఏళ్ల పాటు పుస్తకాల్లో ఇవి వేర్వేరు పాములుగానే బతికాయి.

ఆ లెక్క తప్పని తేల్చింది లారెన్స్ క్లాబర్. ఆయన ఉద్యోగానికీ పాములకూ ఏ సంబంధమూ లేదు. శాన్ డియెగో గ్యాస్, విద్యుత్ కంపెనీలో ఇంజనీరుగా పనిచేసి దాని అధ్యక్షుడి దాకా ఎదిగినవాడు. నడివయసులో పాముల పిచ్చి పట్టింది. 1956లో రాటిల్‌స్నేకుల మీద ఆయన వెలువరించిన రెండు సంపుటాలను ఆ రంగంలో ఇప్పటికీ తిరగేస్తారు. ఇంజనీరు బుద్ధి కాబట్టి వర్ణనలతో సరిపెట్టుకోక లెక్కలకు దిగాడు. ఒకే తల్లి పెట్టిన గుడ్లను పొదిగిస్తే పట్టీల పిల్లలూ చార పిల్లలూ కలిసే బయటికి వచ్చాయి. 1936లో ఒకసారి, 1939లో మరోసారి ఆ వివరాలు అచ్చు వేశాడు. రెండు జాతులని అందరూ నమ్మినవి తోబుట్టువులని తేలింది.

క్లాబర్ చూపించిన ఈ సంగతి ఇవాళ ఎక్కువగా అక్కరకొచ్చేది అడవిలో కాదు, అమెరికా, ఐరోపా ఇళ్లలోని గాజుపెట్టెల దగ్గర. కింగ్‌స్నేక్ అక్కడ కుక్కలా పిల్లిలా పెంపుడు జీవి. విషం లేదు, పేరులో కింగ్ ఉన్నా మన రాజనాగుతో చుట్టరికమూ లేదు. తోటి పాములను, ఆఖరికి రాటిల్‌స్నేకులను కూడా మింగేస్తుంది, వాటి విషాన్ని తట్టుకుంటుంది. డేటోనా బీచ్, టిన్లీ పార్క్ లాంటి చోట్ల జరిగే సరీసృపాల సంతల్లో ఇవి వరసగా పెట్టిన ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్ముడవుతాయి. అరటిపండు పసుపు, లేత ఊదా, పాలతెలుపు, చాక్లెట్ రంగు, సగం చార సగం పట్టీ, ఇలా ఎన్నో. ఈ రంగు రకాలను అక్కడివాళ్లు మార్ఫులంటారు. వింత రంగు పిల్ల చేతికి రాగానే కొన్నవాడికి పుట్టే ప్రశ్న ఒకటే: ఇది అసలు కింగ్‌స్నేకేనా, మరో పాముతో కలిసి పుట్టిన సంకరమా?

జవాబు కోసం అందరూ చూసేది రంగునే. నా లెక్కలో అన్నిటికన్నా తక్కువ నమ్మాల్సిన సాక్షి అదే.

శాన్ డియెగో సంగతి ఒక్కటే అయితే మినహాయింపు అనుకోవచ్చు. టెక్సస్ పడమటి కొండల్లో బూడిదపట్టీల కింగ్‌స్నేక్ ఉంది. బూడిద ఒంటి మీద సన్నటి నల్ల పట్టీలున్న రూపానికి 1901లో ఒక పేరొచ్చింది. వెడల్పాటి నారింజ పట్టీలున్న దానికి 1950లో, కొత్త జాతి దొరికిందన్న సంబరంతో, ఇంకో పేరొచ్చింది. పెంపకంలో గుడ్లు పొదిగించి చూస్తే రెండూ ఒకే కాన్పులో పుట్టాయి. మెక్సికోలోని నువో లియోన్ ప్రాంతపు కింగ్‌స్నేక్ ఇంకో ఆకు ఎక్కువే చదివింది. దాని ఒకే కాన్పులో ఎర్ర, నలుపు, తెలుపు పట్టీల పిల్ల, లేత గోధుమ ఒంటి మీద మచ్చలున్న పిల్ల, నిలువెల్లా నల్లటి పిల్ల పక్కపక్కనే కనిపించవచ్చు. ఏ మాత్రం పరిచయం లేనివాళ్లకు ఆ మూడింటినీ చూపిస్తే మూడు దేశాల పాములంటారు. ఇందులో సంకరమేమీ లేదు, ఆ జాతి స్వభావమే అంత.

పాము ఒంటి రంగు తయారయ్యే తీరు తెలిస్తే ఈ వైవిధ్యం అంత వింతగా అనిపించదు. చర్మంలో ప్రధానంగా మూడు రకాల వర్ణకణాలుంటాయి. నలుపు, గోధుమ రంగులకు మూలమైన మెలనిన్‌ను దాచుకునేవి ఒక రకం. పసుపు, ఎరుపు రంగులను దాచుకునేవి మరో రకం. మూడో రకానికి సొంత రంగు లేదు, లోపల పేర్చిన గ్వానిన్ స్ఫటికాలతో వెలుతురును తిప్పికొడతాయి, నిగనిగలు వాటి చలవే. ఒక్క జన్యువు చెడి మెలనిన్ ఆగిపోతే మొదటి పొర ఖాళీ అవుతుంది, మిగతా రెండూ అలాగే ఉంటాయి. అందుకే అల్బినో కింగ్‌స్నేక్ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండదు. నల్లగా ఉండాల్సిన చోట గులాబీ, లేత ఊదా ఛాయ, తెల్లపట్టీల చోట లేత పసుపు, కన్నులోని రక్తనాళాలు కనబడి ఎర్రటి కన్ను. పట్టీలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. రంగు పోయింది గానీ గీత పోలేదు. కొత్త మార్ఫ్‌ను చూసేటప్పుడు మొదట విడదీసుకోవాల్సింది ఇదే. రంగు ఒక వ్యవహారం, ఆ రంగును ఎక్కడెక్కడ పరచాలన్నది మరో వ్యవహారం, రెండిటినీ నడిపే జన్యువులు వేరు.

మెలనిన్ ఆగడానికి దారులు కూడా ఒకటి కాదు. కార్న్‌స్నేక్ అనే మరో పెంపుడు పాములో అల్బినో రంగుకు కారణం ఓసీఏ2 అనే జన్యువులోకి చొరబడిన ఒక డీఎన్ఏ ముక్క అని 2015లో తేలింది. బాల్ పైథాన్ అనే కొండచిలువ అల్బినోలలో చెడింది మరో జన్యువు, టైరోసినేజ్ ఎంజైమును తయారుచేసేది. ఈ రెండో సంగతిని 2022లో తేల్చిన తూర్పు మిషిగన్ విశ్వవిద్యాలయం బృందం పాములను పట్టుకోలేదు, సూదులు గుచ్చలేదు. పెంపకందార్లు తపాలాలో పంపిన కుబుసాల నుంచే డీఎన్ఏ తీసింది. వేర్వేరు జన్యువులు చెడిన రెండు అల్బినోలను జతకడితే పిల్లలన్నీ మామూలు రంగులో పుడతాయి, ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది కాబట్టి. ఈ మర్మం తెలియని పెంపకందారు ఆ కాన్పును చూసి మగపామును అమ్మినవాడు మోసం చేశాడని గొడవకు దిగడం అరుదేమీ కాదు.

అల్బినో లక్షణం అంతర్గతం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తేనే బయటపడుతుంది. ఒక్క ప్రతే ఉన్న పాము మామూలుగా కనిపిస్తూ తరాల తరబడి దాన్ని మోసుకుపోతుంది. మన దగ్గర ఎప్పుడో ఒకసారి తెల్ల నాగుపాము కనబడితే శ్వేతనాగు అంటూ పాలూ పసుపూ పట్టుకుని జనం బారులు తీరతారు. అది కూడా చాలామటుకు ఈ రెండు ప్రతుల కలయికే, దాని అమ్మానాన్నలు అచ్చం మామూలు నాగుపాములే. అమెరికా సంతల్లో ఈ రహస్యపు ప్రతికి కూడా ధర ఉంది. ప్రతిని మోసే పామును హెట్ అంటారు. ఇద్దరు హెట్లకు పుట్టిన నాలుగు పిల్లల్లో సగటున ఒకటి అల్బినో, రెండు హెట్లు, ఒకటి ఏ ప్రతీ లేనిది. మామూలుగా కనిపించే మూడింటిలో రెండు హెట్లే గాని ఏవి అన్నది కంటితో తెలియదు. అందుకే డబ్బా మీద '66 శాతం హెట్' అని రాస్తారు. లెక్క నిజాయితీదే. కొనేవాడికి మాత్రం ఆ పాములో మూడింట రెండు వంతులు ఏదో ఉందన్న భ్రమ కలిగిస్తుంది. నిజానికి ఆ పాము హెట్ అయితే పూర్తిగా హెట్, కాకపోతే అసలే కాదు.

జన్యువుల జోలికే పోకుండా పుట్టే వింతలు కూడా ఉన్నాయి. పిండదశలో వర్ణకణాలకు మూలమైన కణాలు వెన్ను పక్క నుంచి బయలుదేరి ఒళ్లంతా సర్దుకోవాలి. ఆ రోజుల్లో గుడ్ల వేడి హద్దు దాటితే సర్దుబాటు చెదురుతుంది. కింగ్‌స్నేక్ గుడ్లను సాధారణంగా 26 నుంచి 29 డిగ్రీల మధ్య పొదిగిస్తారు, పిల్లలు రావడానికి రమారమి రెండు నెలలు. పొదిగే పెట్టె పాడై వేడి ఎక్కితే విరిగిన పట్టీలు, అంటుకుపోయిన పట్టీలు, వంకర చారలు బయటికొస్తాయి. ఇలాంటి పిల్లకు కొత్త పేరు, పెద్ద ధర పెట్టి అమ్మినవాళ్లున్నారు. రెండు తరాలు గడిచాక దాని పిల్లలన్నీ మామూలు పట్టీలతో పుట్టేసరికి గుట్టు తెలుస్తుంది. ఒక్క పిల్లను చూసి మార్ఫ్ అనకూడదు. అదే వింత తర్వాతి తరంలో, లెక్కకు సరిపోయే పాళ్లలో, తిరిగి రావాలి.

వయసు ఇంకో మాయ. ఫ్లోరిడా కింగ్‌స్నేక్ పిల్లకు ముదురు ఒంటి మీద స్పష్టమైన పట్టీలు, వాటి పక్కన ఎర్రటి గోధుమ మెరుపు ఉంటాయి. పెరిగేకొద్దీ ఎరుపు మాయమై, ఒక్కో పొలుసు మొదట్లో పసుపు చేరుతూ, కొన్ని పాములు చివరికి తేనెరంగు పొడి చల్లినట్టుగా మారతాయి. పిల్లప్పటి ఫొటో దగ్గర లేకపోతే ఇదే ఆ పామని ఒప్పుకోవడం కష్టం. మెక్సికోలోని సొనోరా ప్రాంతపు నల్ల కింగ్‌స్నేక్ దారి దీనికి తలకిందులు. పిల్లల్లో కొన్నింటికి తెల్ల చుక్కలూ మచ్చలూ ఉంటాయి, కుబుసం విడిచినకొద్దీ నలుపు కమ్ముకుంటుంది. దీని విలువంతా ఆ మచ్చలేని నలుపులోనే కాబట్టి మెడ కింద నాలుగు తెల్లచుక్కలు కనబడితే చాలు, కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ కలిసిందన్న అనుమానం మొదలవుతుంది. అనుమానం నిజమే కావచ్చు, కాకపోనూ వచ్చు. ఎండలో పెట్టి చూసినప్పుడు నలుపు వెనక ముదురు గోధుమ పట్టీలు వరసగా తేలితే అనుమానానికి బలం. గొంతు దగ్గర రెండు చుక్కలకు మాత్రం అంత బరువు ఇవ్వలేం.

ఇక సంకరాల సంగతి. ఇక్కడ మన సాధారణ జ్ఞానం కొంత తప్పుదారి పట్టిస్తుంది. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, వాటి సంతానం కంచరగాడిదకు 63, ఆపైన సంతానం ఉండదు. దాంతో దూరపు జాతులు కలిస్తే వంశం అక్కడితో ఆగుతుందని బళ్లో చదువుకున్నాం. కింగ్‌స్నేక్, కార్న్‌స్నేక్ జాతులే కాదు, ప్రజాతులే వేరు, ఉమ్మడి పూర్వికుణ్ని వదిలి కోటి సంవత్సరాలు దాటింది. అయినా రెండిటికీ 36 క్రోమోజోములే, వాటి అమరిక కూడా దాదాపు ఒక్కటే. అంకె కలిసినంత మాత్రాన అన్ని జీవుల్లోనూ పిల్లలు పుట్టరు గానీ ఈ పాముల విషయంలో పుడతారు, పుట్టినవాటికి మళ్లీ పిల్లలు పుడతారు. కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌కూ కార్న్‌స్నేక్‌కూ పుట్టినదాన్ని సంతల్లో 'జంగిల్ కార్న్' అంటారు. అసలు చిక్కు జత కట్టించడంలోనే ఉంది, ఎందుకంటే పెళ్లికొడుకు పెళ్లికూతుర్ని భోంచేసే ప్రమాదముంది. ముందు కడుపునిండా మేపి, ఆడ కింగ్‌స్నేక్ వాసనను ఆడ కార్న్‌స్నేక్ ఒంటికి పట్టించి, పక్కనే కాపలా కాసి ఈ తంతు జరిపిస్తారు.

ఇదంతా మనిషి చేసే ఆగడమేనని కొట్టిపారేయడానికి లేదు. అమెరికా మధ్యపశ్చిమంలో దొరికిన రెండు వింత పాములు బుల్‌స్నేక్, ఫాక్స్‌స్నేక్ అనే వేర్వేరు ప్రజాతుల సంకరాలని 2012లో ఒక పరిశోధక బృందం డీఎన్ఏతో నిర్ధారించింది. అడవి కూడా అప్పుడప్పుడు హద్దు దాటుతుంది. కాకపోతే అలాంటివి చాలా అరుదు.

మరి ఎదురుగా ఉన్న పామును ఎలా చూడాలి? రంగును పక్కన పెట్టి పొలుసుల దగ్గరకు వెళ్లాలి. కింగ్‌స్నేక్ పొలుసులు నునుపు, వేలితో తోక వైపు నుంచి నిమిరినా గరుకు తగలదు. కార్న్‌స్నేక్ వీపు మీది పొలుసుల నడుమ సన్నటి గట్టు లీలగా లేస్తుంది. తోక మొదట్లో, మలద్వారాన్ని కప్పే పొలుసు కింగ్‌స్నేక్‌కు ఒకటే నిండు పలక, కార్న్‌స్నేక్‌కు రెండు ముక్కలు. ఒంటి నడిమి భాగంలో అడ్డంగా లెక్కపెడితే కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌కు సాధారణంగా 23 లేదా 25 వరసలు వస్తాయి, కార్న్‌స్నేక్‌కు తరచు 27. కింగ్‌స్నేక్ ఒళ్లు గుండ్రం, తల మెడ కంటే పెద్దగా వెడల్పుండదు. కార్న్‌స్నేక్‌ను అడ్డంగా కోసినట్టు ఊహిస్తే బ్రెడ్డు ముక్కలా అడుగు చదునుగా, అంచులు మడతపడి ఉంటుంది. చెట్లెక్కడానికి ఆ అంచులే పట్టు. కార్న్‌స్నేక్ పొట్ట మీద నలుపు తెలుపు గళ్లు, తోక అడుగున రెండు చారలు, నడినెత్తి మీద కళ్ల మధ్యకు పొడుచుకొచ్చే ఈటెమొన గుర్తు కూడా ఉంటాయి. చారల కింగ్‌స్నేక్ అని కొన్నదానికి నెత్తి మీద ఈటెమొన ఛాయ, విడిపోయిన మలద్వారపు పొలుసు, లీలగా గట్లు మూడూ ఒకచోట కలిస్తే అనుమానం అనే మాట వదిలేసి సంకరమని అనొచ్చు.

పామును ఇబ్బంది పెట్టకుండా ఇవి చూడటానికి తేలిక మార్గం కుబుసం. తడిపి, పరిచి, కింద నల్ల కాగితం పెడితే గట్టూ వరసలూ మలద్వారపు పలకా అన్నీ కనిపిస్తాయి. అచ్చమైన పాముల్లో కూడా ఒకటీ అరా పొలుసు తేడా ఉంటుంది కాబట్టి ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదు.

ఈ పరీక్షలన్నీ మొదటి తరం సంకరాన్నే బాగా పట్టుకుంటాయి. జంగిల్ కార్న్‌ను మళ్లీ కింగ్‌స్నేక్‌తోనే జతకడితే పిల్లల్లో కార్న్‌స్నేక్ వంతు సగటున పాతిక శాతానికి పడుతుంది, ఆ పిల్లలను కూడా అలాగే జతకడితే వాటి పిల్లల్లో 12.5 శాతానికి, ఆ తర్వాత 6.25కు. ఆ దశలో పొలుసులూ తలా పొట్టా అన్నీ కింగ్‌స్నేక్‌లాగే ఉంటాయి. కార్న్‌స్నేక్ నుంచి కావాలని తెచ్చుకున్న ఒక రంగు జన్యువు మాత్రం లోపల భద్రం. ఇలా చేయడమే కొందరి ఉద్దేశం కూడా. అంటే వింత రంగున్నది అచ్చమైన కింగ్‌స్నేక్ కావచ్చు, పుస్తకంలో బొమ్మలా ఉన్నది సంకరం కావచ్చు. డీఎన్ఏ పరీక్ష చేయించినా ఏ డీఎన్ఏ అని అడగాలి. చౌకగా చేసే పరీక్షలు చాలావరకు చూసేది మైటోకాండ్రియాను, అది తల్లి నుంచే వస్తుంది. తల్లి కింగ్‌స్నేక్, తండ్రి కార్న్‌స్నేక్ అయితే ఆ నివేదిక నూటికి నూరు శాతం కింగ్‌స్నేక్ అనే చెబుతుంది. కేంద్రకంలోని డీఎన్ఏలో చాలా చోట్ల పోల్చి చూస్తే తప్ప తండ్రి జాడ దొరకదు. అందుకే జాగ్రత్తపరులైన పెంపకందార్లు తమ పాముల తాతముత్తాతలు ఏ జిల్లాలో, ఏ రోడ్డు పక్కన దొరికాయో రాసిపెట్టుకుంటారు. ఆ కాగితం లేని పాముకు 'వంశం తెలియదు' అని రాసి అమ్మేవాళ్లు కొద్దిమందే, నాకు మాత్రం వాళ్లంటేనే గురి.

సంకరం అన్న మాటకు హద్దు కూడా స్థిరంగా లేదు. తూర్పు తీరం నుంచి కాలిఫోర్నియా దాకా ఉన్న మామూలు కింగ్‌స్నేకులన్నీ చాలాకాలం ఒకే జాతి, లోపల ఉపజాతులు. 2009లో పైరాన్, బర్‌బ్రింక్ అనే పరిశోధకులు డీఎన్ఏ ఆధారంగా దాన్ని అయిదు జాతులుగా విడదీశారు. ముందు సంవత్సరం ఉపజాతుల కలయికగా పుట్టిన పాము ఆ వ్యాసం అచ్చయ్యాక, తనేమీ చేయకుండానే, జాత్యంతర సంకరమైపోయింది. ఫ్లోరిడాలో అపలాచికోలా నది దాపున పట్టీలవీ చారలవీ ఏ గుర్తూ లేనివీ కలగలిసిన కింగ్‌స్నేకులున్నాయి. వాటిని 1949లో ఉపజాతి అన్నారు, 1977లో ఒకరు పొరుగు ఉపజాతుల కలగలుపు అన్నారు, 2017లో మరికొందరు ప్రత్యేక జాతే అన్నారు. ఆ నదీతీరపు పాములు మాత్రం ఈ డెబ్బై ఏళ్లలో ఏ వాదనా పట్టించుకోకుండా ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

రంగు సాక్ష్యం నిజంగా చెల్లిన చోటు ఒకటుంది, అది అమెరికాలో లేదు. ఆఫ్రికా పడమటి తీరానికి అవతల స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనారియా దీవిలో సొంత పాములే లేవు. 1998లో అక్కడ కాలిఫోర్నియా కింగ్‌స్నేకులు బయటపడ్డాయి. వాటిలో నిలువుచారవి, అల్బినోలు కూడా ఉండటంతో అవి ఎక్కడివన్న చర్చకు పెద్దగా చోటు లేకపోయింది. కాలిఫోర్నియా కొండల్లో అల్బినో దొరకడం అరుదు, పెంపకందార్ల డబ్బాల్లో మామూలు. ఎవరిదో గాజుపెట్టె మూత సరిగా పడలేదు, లేదా ఎవరో విసిగి వదిలేశారు. ఎక్కువ కాలం నేల కింద, రాతి గోడల సందుల్లో గడిపే జీవి కావడంతో తెల్లటి ఒళ్లు కూడా దానికి అంత చేటు చేయలేదు. పామంటే ఏమిటో తెలియకుండా పెరిగిన అక్కడి బల్లులకు తప్పించుకునే అలవాటే లేదు. 2021లో వెలువడిన అధ్యయనం ప్రకారం కింగ్‌స్నేకులు పాకిన ప్రాంతాల్లో, ఆ దీవిలో తప్ప ఎక్కడా లేని పెద్ద బల్లి సంఖ్య 90 శాతానికి పైగా పడిపోయింది, నలికిరి జాతి 80 శాతానికి పైగా, గోడబల్లి జాతి సగానికి పైగా.